మూడుసార్లు దివాలా, ఐదుసార్లు ప్రీమియర్: హెన్రీ పార్క్స్ సీటు సంగతి

బాకీ_బుక్కు
దివాలాదారుగా ప్రకటితుడై, ఇంకా దాని నుంచి విముక్తి పొందని వ్యక్తి పార్లమెంటులోగాని శాసనసభలోగాని సభ్యుడిగా ఉండరాదని మన రాజ్యాంగంలోని 102, 191 అధికరణాలు చెబుతున్నాయి. ఈ నిబంధన పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ వెళ్లి పందొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ అనే బ్రిటిష్ వలస దగ్గర ఆగిపోయాను. సభ్యుడు దివాలా తీస్తే అతని సీటు ఖాళీ అవుతుందని అక్కడి 1855 రాజ్యాంగ చట్టంలోనే ఉంది. అదే వలసలో హెన్రీ పార్క్స్ అనే పెద్దమనిషి 1858లో ఒకసారి, 1870లో ఒకసారి, 1887లో మరోసారి ఐపీ పెట్టాడు. అయినా 1872కీ 1891కీ మధ్య ఐదుసార్లు ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి వంటి పదవిలో, కూర్చున్నాడు. ఇక ఆ చట్టం ఎవరి కోసం రాసినట్లు? అప్పులు ఎగ్గొట్టినవాడిని సభకు దూరంగా ఉంచాలన్న ఉద్దేశమే ఉంటే ఇది ఎలా సాధ్యమైందో తెలిసినవారు వివరించగలరు.

గుంటూరు_కారం
మా వైపు ఐపీ పెట్టినవాడు మళ్లీ ఊళ్లోకి వచ్చి తలెత్తుకొని తిరగాలంటే నాలుగైదు పంటలు దాటాలి. ఈయన నేరుగా ప్రీమియర్ కుర్చీ ఎక్కాడంటే అక్కడి అప్పులవాళ్లు మహా శాంతమూర్తులై ఉండాలి.

పాత_ప్లీడరు
బాకీ_బుక్కు గారు రెండు వేర్వేరు విషయాలను ఒకే గాటన కట్టారు. సీటు ఖాళీ కావడం వేరు, మళ్లీ పోటీకి పనికిరాకుండా పోవడం వేరు. 1855 చట్టం చెప్పింది మొదటిదాన్నే. సభ్యుడు దివాలాదారు అయితే స్థానం ఖాళీ అవుతుంది. సభ ఆ సంగతి నిర్ధారించాక ఉప ఎన్నికకు రిట్, అంటే ఎన్నిక జరపమనే ఉత్తర్వు, వెలువడుతుంది. స్థానిక రిటర్నింగ్ అధికారి నామినేషన్లకు, పోలింగుకు రోజులు ప్రకటిస్తాడు. ఆ తరువాత ఓటర్లు ఎవరిని పంపుకొంటారన్నది వాళ్ల ఇష్టం. సభ్యుడి నెత్తిన చట్టం ముద్ర వేయలేదు, నియోజకవర్గాన్ని మరొకసారి అడగమని మాత్రమే చెప్పింది.

అక్కడి దివాలా చట్టానికి మరో విశేషం ఉంది. 1841లో దాన్ని తయారుచేసిన న్యాయమూర్తి విలియం బర్టన్ అంతకుముందు దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీలో పనిచేసినవాడు, అందువల్ల అక్కడి రోమన్-డచ్ న్యాయ పద్ధతిని వెంట తెచ్చుకొన్నాడు. అప్పటికి ఇంగ్లండులో బ్యాంక్రప్సీ అనే వెసులుబాటు వ్యాపారులకే పరిమితం, మిగిలినవారికి అది 1861లో గాని రాలేదు. న్యూ సౌత్ వేల్స్‌లో మాత్రం గొర్రెల మందల యజమాని అయినా, డాక్టరైనా, వడ్రంగి అయినా తన ఆస్తిని కోర్టుకు అప్పగించవచ్చు, లేదా అప్పులవాళ్లే కోర్టుకెక్కి ఆ పని చేయించవచ్చు. ఆస్తి మొత్తం అసైనీ, అంటే అప్పులవాళ్ల తరఫున దాన్ని చూసుకొనే అధికారి, చేతికి వెళ్తుంది, అతడు అమ్మి, వచ్చినదాన్ని పౌండు అప్పుకు ఇన్ని షిల్లింగులని పంచుతాడు, చివరికి బాకీదారు సర్టిఫికెట్ తీసుకొని విడుదలవుతాడు. ఆ సర్టిఫికెట్ చేతికి వస్తే చట్టం దృష్టిలో అతడు మళ్లీ మామూలు మనిషే.

ఈ చట్టం వచ్చిన కాలమూ గమనించదగినది. ఉన్ని ధరలు పడిపోయి, 1843లో బ్యాంక్ ఆఫ్ ఆస్ట్రేలియా కూలిపోయింది. చట్టసభకు ఆ వలసలో మొట్టమొదటి ఎన్నికలు జరిగిందీ అదే 1843లో.

తూకం_రాళ్లు
పాత_ప్లీడరు గారి వివరణ బాగుంది గాని, "మామూలు మనిషే" అన్నచోట నాకు అభ్యంతరం ఉంది. 1843 ఎన్నికల్లో ఓటు ఉన్నది 200 పౌండ్ల విలువైన భూమి గలవాడికి, లేదా ఏటా 20 పౌండ్ల విలువ చేసే ఇంట్లో ఉంటున్నవాడికి. దివాలా తీసినవాడి భూమి అసైనీ పేరిట మారిపోయాక ఆ భూమి మీది ఓటు ఏమవుతుంది? సభ్యుడి సీటు గురించి ఇంత చర్చిస్తున్నాం, మాంద్యంలో ఇల్లూ భూమీ పోగొట్టుకొన్న మామూలు ఓటరు జాబితాలోంచి జారిపోవడం గురించి మాట్లాడేవారు ఉండరు. ఆస్తిని బట్టి ఓటు ఇచ్చే పద్ధతిలో ప్రతి దివాలా చడీచప్పుడు లేకుండా ఒక ఓటును కూడా తినేస్తుంది.

సిడ్నీ_చలి
పార్క్స్ సంగతి కొంత చెబుతాను, ఎందుకంటే ఈ ఊళ్లో ఆయన పేరు లేని వీధి వెతికితే గాని దొరకదు. 1815లో ఇంగ్లండులోని వార్విక్‌షైర్‌లో పేద కుటుంబంలో పుట్టాడు, దంతపు వస్తువులు చెక్కే పని నేర్చుకొన్నాడు, 1839లో సిడ్నీలో ఓడ దిగాడు. దంతం, బొమ్మలు అమ్మే దుకాణం పెట్టాడు. 1850 డిసెంబరులో 'ఎంపైర్' పత్రిక మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే బంగారం బయటపడింది, పనివాళ్లంతా గనుల వైపు పరుగెత్తారు, అచ్చుకూలీల జీతాలు ఆకాశానికి అంటాయి. ఇక్కడ మనకు ఒక బంధుత్వం తగులుతుంది: అక్షరాలు పేర్చేవాళ్లు కరువై ఆయన మన మద్రాసు నుంచి యురేషియన్ కంపోజిటర్లను రప్పించుకొన్నాడు. అయినా ఖర్చు నిలవలేదు. 1858 ఆగస్టు 28న పత్రిక మూతపడింది. అప్పటికి బాకీ సుమారు 50,000 పౌండ్లు. సభ్యత్వానికి ఆయనే రాజీనామా చేశాడు.

కాబట్టి "ఎగ్గొట్టినవాడు" అనడానికి నాకు మనసొప్పదు. డబ్బు తిని దాచుకొన్నవాడు కాదు, లెక్కలు చూసుకోవడం చేతకానివాడు.

బాకీ_బుక్కు
లెక్కలు చూసుకోవడం చేతకానివాడి చేతికి ఖజానా ఇవ్వడం మరీ విడ్డూరం కదా, సిడ్నీ_చలి గారూ? నా అభ్యంతరం దొంగతనం గురించి కాదు.

గుంటూరు_కారం
ఈ మాట మన దగ్గర అమలు చేస్తే అసెంబ్లీలో సీలింగు ఫ్యాన్లు మాత్రమే మిగులుతాయి.

సిడ్నీ_చలి
1842 నుంచి 1887 దాకా దివాలా దస్త్రాల సూచిక ఇక్కడి రాష్ట్ర పురాభిలేఖశాలలో ఉంది. వంశచరిత్రలు రాసుకొనేవాళ్లు ముందుగా వెళ్లేది దాని దగ్గరికే. అటువంటి దస్త్రంలో బాకీదారు ప్రమాణం చేసి ఇచ్చిన పట్టిక అన్నింటికన్నా ఆసక్తికరం. ఒక వైపు ఎవరెవరికి ఎంతెంత ఇవ్వాలో ఉంటుంది: బ్యాంకుకు, రొట్టెల దుకాణానికి, ఇంటి యజమానికి, పనిమనిషి జీతానికి. ఇంకో వైపు చేతిలో ఏముందో ఉంటుంది: మంచం, కుర్చీలు, పనిముట్లు, తనకు రావలసిన బాకీలు. ఆ చివరి పద్దులో చాలా భాగం ఎప్పటికీ వసూలు కాదని దివాలా కేసులు చూసే కమిషనర్‌కూ తెలుసు, రాసినవాడికీ తెలుసు. పెద్ద పేరున్నవాడైనా పనిముట్లు అమ్ముకొన్న వడ్రంగి అయినా నింపవలసిన పట్టిక ఒకటే.

తూకం_రాళ్లు
పట్టిక ఒకటే గాని, దాని ముందు కూర్చొన్నవాళ్లు ఒకటి కాదు. అప్పులవాళ్ల సమావేశమే చిన్న ఎన్నిక వంటిదన్న సంగతి ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. అప్పు రుజువు చేసుకొన్నవాడి పేరు జాబితాలోకి వస్తుంది, జాబితాలో ఉన్నవాడికి చెయ్యెత్తే హక్కు వస్తుంది. ఇంగ్లండులోని 1869 చట్టం ప్రకారం రాజీ (అప్పులో కొంత ఇచ్చి మొత్తం తేల్చుకోవడం) కుదరాలంటే తలల లెక్కలో సగానికి పైగా, అప్పు విలువలో నాలుగింట మూడు వంతులు ఒప్పుకోవాలి. అంటే ఒక్క బ్యాంకు ఒప్పుకోకపోయినా కథ ఆగిపోవచ్చు. ఆ బ్యాంకుకు ఇష్టమైతే, రొట్టెల దుకాణాలవాళ్లలో కొందరు గగ్గోలు పెట్టినా ఫలితం ఉండదు. బావమరిది పేరిట దొంగ నోటు రాసిచ్చి అతణ్ని అప్పులవాడిగా కూర్చోబెట్టడం, దొంగ ఓటరును జాబితాలో చేర్చడం, రెండూ ఒకే విద్య.

ఇక ఇవతలి వైపు చూడండి. 1858లో న్యూ సౌత్ వేల్స్ మగవాళ్లందరికీ ఓటు ఇచ్చింది, సరే. కాని ఆస్తిపరుడికి తన భూములున్న మిగతా నియోజకవర్గాల్లోనూ ఓటు వేసే హక్కు 1893 దాకా కొనసాగింది. విలువను బట్టి ఓటు అన్న సూత్రం దివాలా కోర్టులోనే కాదు, పోలింగ్ బూతులోనూ బతికే ఉంది.

ఎలక్షన్_డ్యూటీ
ఉపాధ్యాయుడిగా ఉన్నన్నాళ్లూ ప్రతి ఎన్నికలోనూ ప్రిసైడింగ్ అధికారి బాధ్యత నామీద పడేది కనుక ఈ చర్చలో పరిపాలన వైపు నుంచి ఒక మాట చెబుతాను. మరో వలస అయిన సౌత్ ఆస్ట్రేలియాలో 1856 నుంచి దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఎన్నికలు నడిపినవాడు విలియం బూత్‌బీ. ఆయన అసలు ఉద్యోగం షెరీఫ్. కోర్టు తీర్పు ప్రకారం బాకీదారు సామాను జప్తు చేసి వేలం వేయించేది షెరీఫ్ కార్యాలయమే, బ్యాలట్ పత్రాలు అచ్చు వేయించి పంపేదీ అదే మనిషి. చిన్న వలసలో జీతం తీసుకొని నమ్మకంగా పనిచేసే అధికారులు కొద్దిమందే ఉండటం దీనికి కారణమని నా అభిప్రాయం. మన దగ్గర తహసీల్దారు ఒక చేత్తో పట్టాదారు పుస్తకం, మరో చేత్తో ఓటరు జాబితా పట్టుకొన్నట్లే.

రహస్య ఓటింగ్ చట్టం మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా వలసలో 1856 మార్చిలో వచ్చింది, సౌత్ ఆస్ట్రేలియాలో ఏప్రిల్‌లో వచ్చింది. విక్టోరియా పత్రం మీద అక్కర్లేని అభ్యర్థుల పేర్లు కొట్టివేయాలి. బూత్‌బీ దాన్ని తిరగేసి, కావలసిన పేరు ఎదుట గడిలో ఇంటూ గుర్తు పెట్టే పద్ధతి 1858లో తెచ్చాడు. చదువు అంతంత మాత్రంగా ఉన్న ఓటరుకు ఇది ఎంత తేలికో లెక్కింపు బల్ల దగ్గర కూర్చున్నవారికి వేరుగా చెప్పనక్కర్లేదు.

పాత_ప్లీడరు
ఎలక్షన్_డ్యూటీ గారు చెప్పిన దానికి ఒక కొసరు. ఈ బూత్‌బీ తండ్రి బెంజమిన్ బూత్‌బీ అదే వలసలో న్యాయమూర్తి. స్థానిక చట్టసభ చేసిన చట్టాలు చెల్లవని వరసబెట్టి తీర్పులిచ్చి, లండన్ పార్లమెంటు 1865లో వలస చట్టాల చెల్లుబాటు చట్టం తేవడానికి కారణమయ్యాడు. 1867లో ఆయన్ను పదవి నుంచి తొలగించారు. తండ్రి చట్టాలను కొట్టేస్తూ పోయాడు, కొడుకు కొట్టివేతలు వద్దని గడి గీశాడు.

మెల్‌బోర్న్_ట్రామ్
రహస్య ఓటింగుకూ అప్పులకూ ఉన్న సంబంధం ఇక్కడ అసలు విషయమని నేననుకొంటాను. బహిరంగ ఓటింగు రోజుల్లో మనిషి వేదిక ముందుకు వచ్చి తన అభ్యర్థి పేరు అందరి ముందూ తెలియజేయాలి. గొర్రెల ఫారం దగ్గరైనా గనుల ఊళ్లోనైనా సరుకు అంతా ఖాతా మీదే నడిచేది. అప్పిచ్చిన దుకాణదారు అక్కడే నిలబడి చూస్తుంటే అతనికి నచ్చని పేరు చెప్పడానికి ఎంతమందికి ధైర్యం ఉంటుంది? యజమాని, భూస్వామి, అప్పిచ్చినవాడు బెదిరించకుండా ఉండాలన్నదే రహస్య ఓటు కోరినవాళ్ల వాదన.

ఎలక్షన్_డ్యూటీ
వాదన అదే. కాని మీ విక్టోరియా తన బ్యాలట్ పత్రం వెనక ఓటరు సంఖ్య వేసేది. దొంగ ఓటు అని తేలితే ఆ పత్రాన్ని వెతికి తీసివేయడానికి అలా చేశారు. అడిగితే ఎవరు ఎవరికి వేశారో చెప్పగల కాగితాన్ని రహస్యం అనవచ్చునా? సౌత్ ఆస్ట్రేలియాలో ఆ సంఖ్య ఉండేది కాదు. 1872లో ఇంగ్లండు తన బ్యాలట్ చట్టంలో కౌంటర్‌ఫాయిల్ (పత్రం చింపి ఇచ్చాక అధికారి దగ్గర మిగిలే ముక్క) పద్ధతి పెట్టింది, మన పాత బ్యాలట్ పత్రాలకు ఉన్న కౌంటర్‌ఫాయిల్ ఆ బాటలో వచ్చిందే. నేను డ్యూటీ చేసిన ఒక పల్లెలో ఒక పెద్దాయన కౌంటర్‌ఫాయిల్ మీద వేలిముద్ర వేయమంటే "ఇది ఎవరి దగ్గరికి పోతుంది బాబూ?" అని గట్టిగా నిలదీశాడు. ఆయన షావుకారు అదే వరసలో ఆయన వెనకే నిలబడి ఉన్నాడు.

తూకం_రాళ్లు
పెద్దాయన ప్రశ్నలో తప్పేమీ లేదు.

మెల్‌బోర్న్_ట్రామ్
సంఖ్య సంగతి ఒప్పుకొంటాను, కాని కట్టలు విప్పి చూడటం చట్టరీత్యా వివాదం వచ్చినప్పుడే. అభ్యర్థి తాబేదారు బూతు దగ్గర కూర్చొని వినడంతో పోలిస్తే అది ఎన్నో రెట్లు నయం.

బాకీ_బుక్కు గారి మొదటి ప్రశ్నకు మెల్‌బోర్న్ నుంచి ఒక చేదు జవాబు ఉంది. పార్క్స్ ఐపీ అందరికీ తెలిసిన ఐపీ. 1880ల్లో ఇక్కడ భూముల ధరలు వెర్రెత్తి పెరిగాయి, మంత్రులూ సభ్యులూ భూముల కంపెనీల్లో డైరెక్టర్లయ్యారు. 1891లో అంతా తలకిందులైంది. అప్పుడు చాలామంది పెద్దలు కోర్టుకు వెళ్లి బహిరంగ విచారణ ఎదుర్కోలేదు. అప్పులవాళ్లతో గుట్టుగా రాజీ పత్రం రాయించుకొన్నారు. భూముల వ్యాపారి బెంజమిన్ ఫింక్ బాకీ 15 లక్షల పౌండ్లకు పైమాటే, ఇచ్చింది పౌండుకు అర పెన్నీ. పౌండుకు 240 పెన్నీలు కనుక 480 పౌండ్లు ఇచ్చినవాడికి ఒక్క పౌండు ముట్టింది. వరుసగా తలుపులు మూస్తున్న కంపెనీలను వాటాదారులు, డిపాజిటర్లు కోర్టుకు లాగడం కష్టమయ్యేలా 1891 డిసెంబరులో స్వచ్ఛంద లిక్విడేషన్ (కంపెనీ తనంతట తానే మూసివేసుకోవడం) చట్టం కూడా తెచ్చారు. అప్పటి ప్రీమియర్ జేమ్స్ మన్రో స్వయంగా బ్యాంకులు పెట్టినవాడు. 1892 ఫిబ్రవరిలో పదవి వదిలి లండన్‌లో ఏజెంట్ జనరల్‌గా, అంటే అక్కడ తన వలస ప్రతినిధిగా, వెళ్లిపోయాడు.

గుంటూరు_కారం
ఫ్లైటు లేని రోజుల్లోనే లండన్ వెళ్లే అలవాటు ఉందన్నమాట!

పాత_ప్లీడరు
ఒక విషయంలో జాగ్రత్త అవసరం. ఫింక్ ఆ రాజీ నాటికి శాసనసభ సభ్యుడు కాదు, కాబట్టి ఆయన ఉదాహరణ సీటు కాపాడుకొన్నదానికి సాక్ష్యం కాదు. మన్రో కూడా ఆ తరువాత బహిరంగంగానే దివాలాదారు అయ్యాడు. రాజీ పత్రం వల్ల దివాలాదారు అన్న పేరు పడకపోవచ్చు, ఆ పేరు పడకపోతే సీటు కదలదు అన్న మీ తర్కం మాత్రం సరైనదే.

మెల్‌బోర్న్_ట్రామ్
నేను చెప్పదలచుకొన్నదీ ఆ తర్కమే. సీటు ఖాళీ కావడానికి చట్టం చూసేది అప్పును కాదు, కోర్టు వేసిన ముద్రను. ముద్ర పడకుండా తప్పించుకొనే దారి డబ్బూ పలుకుబడీ ఉన్నవాడికే దొరుకుతుంది. ఆ లెక్కన పార్క్స్ నిజాయితీపరుడే, ముద్ర వేయించుకొని, సీటు వదులుకొని, మళ్లీ ఓటర్ల దగ్గరికి వెళ్లాడు.

ఇదే గొడవలో ఎన్నికలతో ముడిపడిన మరో ఘట్టం ఉంది. శాసనసభ స్పీకరుగా పనిచేసిన సర్ మాథ్యూ డేవిస్ కంపెనీలు కూలాక మర్కంటైల్ బ్యాంకు వ్యవహారంలో ఆయన మీద కేసు వచ్చింది, కొలంబోలో పట్టుకొని వెనక్కి తెచ్చారు. 1893లో అటార్నీ జనరల్ ఆ కేసు వదిలేద్దామంటే, సొలిసిటర్ జనరల్ ఐజాక్ ఐజాక్స్ వదిలేది లేదన్నాడు. మంత్రివర్గం ఐజాక్స్‌నే బయటికి పంపింది. ఆయన శాసనసభ సీటుకు కూడా రాజీనామా చేసి, తన నియోజకవర్గం నుంచి మళ్లీ గెలిచి వచ్చాడు. డేవిస్ చివరికి నిర్దోషిగా బయటపడ్డాడు. ఐజాక్స్ తరువాతి కాలంలో ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్ అయ్యాడు.

సిడ్నీ_చలి
పార్క్స్ మళ్లీ గెలవగలగడానికి ఎన్నికల నిర్వహణ తీరు కూడా సాయపడింది. న్యూ సౌత్ వేల్స్‌లో సాధారణ ఎన్నిక ఒక్క రోజులో జరిగేది కాదు, నియోజకవర్గానికి ఒక తేదీ చొప్పున వారాల తరబడి సాగేది. ఒకచోట ఓడినవాడు గుర్రం ఎక్కి ఇంకా పోలింగు జరగనిచోటికి వెళ్లి నిలబడవచ్చు. 1882లో పార్క్స్ ఈస్ట్ సిడ్నీలో ఓడిపోయి, అదే ఎన్నికల్లో ఉత్తరాన ఉన్న టెంటర్‌ఫీల్డ్ నుంచి సభకు వచ్చాడు. 1889లో వలసలన్నీ ఒకే దేశంగా కలవాలంటూ తన పేరు చరిత్రలో నిలిపిన ఫెడరేషన్ ఉపన్యాసం ఆయన ఇచ్చిందీ ఆ ఊళ్లోనే. అన్నిచోట్లా ఒకే రోజు పోలింగు 1894 ఎన్నికల్లో గాని రాలేదు.

1870 సంగతీ ఇలాంటిదే. రెండోసారి దివాలా తీసి కియామా సీటు పోగొట్టుకొన్నవాడు, 1872 మొదట్లో మడ్జీ నుంచి గెలిచి, ఆ మే నెలలోనే ప్రీమియర్ అయ్యాడు.

బాకీ_బుక్కు
సభ్యులకు జీతం ఉండేదా? లేకపోతే దివాలా తీసినవాడు సభకు వచ్చి తినేదేమిటి?

సిడ్నీ_చలి
న్యూ సౌత్ వేల్స్‌లో 1889 దాకా మామూలు సభ్యుడికి జీతం లేదు. ఆ ఏడాది నుంచి ఏటా 300 పౌండ్లు. విక్టోరియాలో అదే మొత్తం 1870లోనే వచ్చింది. మంత్రులకు జీతం ఉంది గనుక పార్క్స్ పదవిలో ఉన్నప్పుడు బతికాడు, దిగినప్పుడల్లా అప్పు చేశాడు. చివరికి 1896లో పేదగానే పోయాడు.

తూకం_రాళ్లు
అంటే జీతం లేని సభలో, అప్పు చేయకుండా కూర్చోగలిగేవాడు ముందే ఆస్తి ఉన్నవాడు. దివాలా నిబంధన అలాంటి సభలో పేద సభ్యుడి మెడ మీద కత్తి వంటిది, ధనిక సభ్యుడికి అది తగలదు. బాకీ_బుక్కు గారు ఖజానా భద్రత గురించి అడిగారు గాని, నిబంధన చేసిన పని వేరు. అది వచ్చినది 1855లో, జీతం వచ్చినది 1889లో. మధ్యలో ఉన్న మూడు దశాబ్దాల పైచిలుకు ఎవరిని వడగట్టిందో చూడాలి.

పాత_ప్లీడరు
అంత దూరం నేను రాలేను. ఇటువంటి నిబంధన 1867 నాటి కెనడా చట్టంలో సెనేటర్లకూ ఉంది, కాబట్టి ఇది సిడ్నీ పెద్దలు పేదల మీద పన్నిన పన్నాగం కాదు, సామ్రాజ్యమంతటా తిరిగిన ముసాయిదా భాష. అప్పులవాళ్ల ఒత్తిడిలో ఉన్నవాడు ఓటు అమ్ముకొంటాడేమో అన్న భయం అందులో ఉంది, ఆ భయం నిరాధారం కాదు.

ఆస్ట్రేలియా 1901 రాజ్యాంగంలో 44వ సెక్షను విముక్తి పొందని దివాలాదారును అనర్హుడిని చేస్తుంది. 45వ సెక్షను ఇంకో అడుగు వేసి, దివాలా చట్టం కింద అప్పులవాళ్లతో రాజీ కుదుర్చుకొని లబ్ధి పొందినా సీటు ఖాళీ అవుతుందంటుంది. మెల్‌బోర్న్_ట్రామ్ గారు చెప్పిన గుట్టు రాజీల దారిని అది చాలావరకు మూసేసింది.

బాకీ_బుక్కు
మన 102లో ఆ రాజీ మాట లేదు కదా?

పాత_ప్లీడరు
లేదు. మన దగ్గర కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చి ఉండాలి, అది ఇంకా రద్దు కాకుండా, విముక్తి రాకుండా ఉండాలి. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909 చట్టం, మిగతా ప్రాంతాలకు 1920 ప్రొవిన్షియల్ చట్టం ఇందుకు ఆధారం. 2016 దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం హామీదారుల విషయంలో తప్ప ఇంకా అమల్లోకి తేలేదు. నామినేషన్ల పరిశీలనలో ఎవరైనా అభ్యంతరం చెప్పినా, ఆ ఉత్తర్వు నకలు చూపకపోతే రిటర్నింగ్ అధికారి చేయగలిగేది ఏమీ ఉండదు. సభ్యుడయ్యాక ప్రశ్న వస్తే ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకొని రాష్ట్రపతి గాని గవర్నరు గాని నిర్ణయిస్తారు. న్యూ సౌత్ వేల్స్‌లో ఆ పని సభ చేతిలోనే ఉండేది, ఎన్నికల, అర్హతల కమిటీ అనే పేరుతో సభ్యులే సభ్యుల తగువులు తీర్చేవారు.

ఎలక్షన్_డ్యూటీ
సభ్యులే తీర్చే పద్ధతిలో మెజారిటీ ఎవరిదైతే తీర్పు వారిదే అయ్యే ప్రమాదం ఉంది. ఆ ఒక్క విషయంలో మన ఏర్పాటు మెరుగు.

గుంటూరు_కారం
ఎలక్షన్_డ్యూటీ గారూ, ఆ షావుకారు ఇంతకీ ఎవరికి వేశాడు?

ఎలక్షన్_డ్యూటీ
కౌంటర్‌ఫాయిల్ మీద సీలు పడింది. అడగకండి.